మూడు వేళ్ళ ఊరిముద్ర

గుండ్లకమ్మ ఏరు ఒక మెలిక తిరిగే చోట తీతువపాడు అనే చిన్న పల్లె ఉంది. బస్సు దిగిన భక్తులకు మొదట కనిపించేది స్వాగత తోరణం. దాని నడినెత్తిన తెల్లటి సున్నపు గుండ్రంలో ఒక పసుపుపచ్చ గుర్తు ఉంటుంది. పైకి విచ్చుకున్న మూడు గీతలు, అవి కలిసే చోట కింద ఒక చిన్న బొడిపె. అదే గుర్తు పంచాయతీ కార్యాలయం గోడ మీద, బడి గేటు మీద, పాలకేంద్రం బోర్డు మీద, ట్రాక్టర్ల ముందుభాగాన, ఆఖరికి కబడ్డీ జట్టు చొక్కాల మీద కూడా కనిపిస్తుంది. రాజులకూ సంస్థానాలకూ లాంఛనాలు ఉండేవని విన్నాం గాని, ఇంత చిన్న ఊరికి సొంత ముద్ర ఏమిటని కొత్తవారు ఆశ్చర్యపోతారు.

వచ్చినవారిలో వైష్ణవులు దాన్ని తిరునామం అనుకుని చేతులు జోడిస్తారు. శైవులు త్రిశూలం అనుకుని అంతకంటే గట్టిగా జోడిస్తారు. ఒకసారి ఈ సంగతి మీద రెండు కుటుంబాలవారు తోరణం కిందే వాదులాడుకుని, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పకుండానే తిరుగు బస్సు ఎక్కారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఊరివారు ఎవరినీ కాదనరు. అయితే అది నామమూ కాదు, త్రిశూలమూ కాదు. అది ఒక పిట్ట అడుగు. ఆ పిట్ట తీతువు. కూత వినబడితే చాలు, ఎవరికో మూడిందని మన పెద్దలు వాకిట్లో ఉమ్మివేసి తలుపు వేసుకునే ఆ తీతువే.

ఊరికి తూర్పున ఎత్తయిన దిబ్బ మీద శ్రీ ముద్రాలమ్మ తల్లి వెలసి ఉన్నది. గర్భగుడిలో విగ్రహం లేదు. నేలలో పాతిన నల్లటి పలకరాయి, దాని మీద అదే మూడు వేళ్ళ అడుగు, అంతే. ఆ తల్లికీ పిట్టకూ ఊరిముద్రకూ ఉన్న సంబంధం తెలియాలంటే మాలకొండయ్య అనే తలారి కథ వినాలి. వీరుడి కథ కాదని ముందే మనవి. ఇది బాగా భయపడిన మనిషి కథ.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దిబ్బ మాత్రం ఉండేది. గట్టినేల, గాలి బాగా ఆడే చోటు. కోసిన పైరు నూర్చి గింజ రాశి పోసుకునే కళ్ళాలకు దేవుడు చేసిచ్చినట్టుండే నేల. కాని ఊరివారు దాని ఛాయలకు పోయేవారు కారు. అక్కడ తీతువులు గుడ్లు పెట్టేవి. మనిషి అలికిడి అయితే అరిచి గోల చేసేవి. గింజ పోసే చోట ఆ కూత వినబడకూడదని తరతరాలుగా కళ్ళాలన్నీ ఏటి పక్కన పల్లంలో వేసేవారు. పిట్టకు భయపడి గింజను తీసుకుపోయి ఏటి నోటి ముందు పోసుకున్న ఊరు భూమ్మీద ఇంకొకటి ఉంటుందని అనుకోము.

ఆ రోజుల్లో పండిన గింజ పండించినవాడి చేతికి నేరుగా వచ్చేది కాదు. నూర్పిళ్ళు కాగానే కోట వాటా వసూలు చేసే అధికారి అమీను వచ్చేవాడు. రాశికి అంచనా కట్టి, దాని మీద అక్కడక్కడా తడిమట్టి ముద్దలు పెట్టించి, వాటి మీద కోటవారి కొయ్యముద్రతో సింహం అచ్చు గుద్దించి, ముద్రకర్రను తనతో పట్టుకుపోయేవాడు. ఆ మట్టి ఎండి బిగిసిందంటే ఇక గింజ తీయడానికి వీలు లేదు. తీస్తే ముద్ద కదిలి అచ్చు పగులుతుంది. అమీను మళ్ళీ వచ్చి కొలిపించి, కోట వాటా బళ్ళకెత్తించాకనే మిగిలింది ఊరిది. ఈలోగా ముద్ర పగిలితే కాపలా ఉన్న తలారి కుడిచెయ్యి మణికట్టు దగ్గర తీసేవారు. ఎందుకు పగిలింది, ఎవరు పగలగొట్టారు అనే విచారణ ఉండేది కాదు.

మాలకొండయ్యకు ఈ శిక్ష ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. వాళ్ళ నాయన పేరయ్య ఎడమచేత్తో అన్నం తినేవాడు. పేరయ్య తలారిగా ఉన్న కాలంలో ఊరి ఆబోతు పొగరెక్కి రాశిలో కొమ్ములు దింపింది. ముద్ర పగిలింది, గింజ మాత్రం గుప్పెడు కూడా పోలేదు. అయినా కోటవారు చెయ్యి తీసుకున్నారు. ఆబోతును ఎవరూ ఏమీ అనలేదు, అది దేవుడి పేర వదిలిన జీవం.

నాయన తర్వాత తలారితనం తన మీద పడింది మొదలు మాలకొండయ్య రాశిని కాపలా కాశాడనడం కంటే తన చేతిని కాపలా కాసుకున్నాడనడం సబబు. కాకి వాలితే తరిమేవాడు. చీమలు బారు కడితే ఊడ్చేవాడు. ముద్రలు ఎండకు బీటలు తీస్తాయేమోనని తాటాకులతో నీడ కట్టేవాడు, నీడకు చెమ్మగిల్లుతాయేమోనని మళ్ళీ విప్పేవాడు. ఊళ్ళో కుర్రకారు అతన్ని చూసి తెగ ఆటపట్టించేవారు. భార్య గురవమ్మ మాత్రం ఎన్నడూ నవ్వలేదు. నిద్రలో కూడా అతని ఎడమచెయ్యి కుడి మణికట్టును పట్టుకుని ఉండటం చూసింది ఆమె ఒక్కతే.

ఒక ఏడు నూర్పిళ్ళు అయ్యాయి, ముద్రలు పడ్డాయి, ఉగాది వచ్చింది, అమీను రాలేదు. త్రియంబక పంతులు అని ఆయన పేరు. ముద్ర వేసి వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడలేదు. శ్రీరామనవమి వెళ్ళింది. చైత్రం పోయి వైశాఖం వచ్చింది. ఇళ్ళల్లో గాదెలు అడుగంటాయి. కళ్ళ ముందు పచ్చజొన్న రాశి పోసి ఉండగానే ఆడవాళ్ళు ఏటి గట్టున దుంపలు తవ్వి ఉడకేసి పిల్లలకు పెడుతున్నారు. పెదకాపు బసివిరెడ్డి కోటకు కబురు మీద కబురు పంపాడు. పంతులుగారికి ఒంట్లో నలతగా ఉందని ఒకసారి, మంచి రోజు చూసుకుని బయలుదేరుతారని ఇంకొకసారి జవాబు వచ్చింది.

అంతలో మబ్బు పట్టింది. వైశాఖంలో అంత నల్లగా పట్టకూడని మబ్బు. పడమట నల్లమల కొండల మీద పట్టపగలే మెరుపులు కనబడ్డాయి. గుండ్లకమ్మ రంగు మారింది. ఎర్రనీరు, నురుగు, దాని మీద కొట్టుకువస్తున్న వెదురాకు. మాలకొండయ్య నీటి అంచున ఒక పుల్ల గుచ్చి రాశి దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చి చూస్తే పుల్ల నీళ్ళలో ఉంది. ఇంకాస్త పైన గుచ్చాడు. అదీ మునిగింది. ఏటికీ రాశికీ నడుమ నేల తరిగిపోతోంది. నిలబడలేడు, కూర్చోలేడు. ముద్రలు తడవకుండా కప్పాలా, రాశి చుట్టూ గట్టు వేయాలా, ఏదీ తేల్చుకోలేక చేతులు పిసుక్కున్నాడు.

తెల్లవారినప్పటి నుంచి తిరిగిన ఒళ్ళు కావడం చేత మధ్యాహ్నం వేళ కళ్ళం గుంజకు ఆనుకోగానే రెప్ప వాలింది. ఆ కునుకులో దిబ్బ మీద ఒక ముత్తయిదువ కనబడింది. మట్టిరంగు చీర, నల్లరవిక, కళ్ళ నడుమ ఇంత కుంకుమ, మోకాళ్ళ దాకా దట్టంగా పసుపు రాసుకున్న సన్నటి కాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిలిచినట్టే పిలిచింది.

"నాయనా, మా ఇంటి పక్కన బోలెడంత చోటుంది. తెచ్చి పోసుకో. నేను చూస్తుంటాను."

మరి ముద్ర సంగతి ఏమిటమ్మా అని మాలకొండయ్య అడిగాడు. పాపం, కలలో కూడా అతనికి ఆ బెంగ తప్పలేదు. ఆమె తల ఎత్తి తీతువులా కూసింది. ఉలిక్కిపడి లేచేసరికి దిబ్బ మీద నిజంగానే తీతువు అరుస్తోంది. ఏటినీరు అతని పాదాలను తాకుతోంది.

అతను పెదకాపు ఇంటికి పరుగెత్తాడు. వాకిట్లో ఊరంతా పోగైంది. అతను కలలో విన్న మాట చెప్పి, ముద్రలు పగలగొట్టి గింజను దిబ్బ మీదికి చేరవేద్దామనగానే తలా ఒక మాట లేచింది. కోట ముద్ర తాకితే ఊరికే ముప్పు అన్నారు కొందరు. తీతువుల నడుమ గింజ పోస్తే ఇంటింటా అరిష్టం అన్నారు మరికొందరు. వాన తగ్గుతుందిలే, కాసేపు చూద్దాం అన్నవారే ఎక్కువ. బసివిరెడ్డి చెడ్డవాడు కాడు గాని, కోట పేరు చెబితే నీళ్ళు నమిలే మనిషి. పగలగొట్టమని తాను చెప్పలేనన్నాడు, వద్దనీ చెప్పలేనన్నాడు. చివరికి, "చెయ్యి నీది గదా" అన్నాడు.

ఆ మాటతో వాకిట్లో ఉన్నవారంతా మాలకొండయ్య కుడిచేతి వంక చూశారు. అతను దాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు. ఇంటికి పోయి తలుపు వేసుకుందామనిపించింది. రాశిని ఏరు ఊడ్చుకుపోతే పగిలిన ముద్ర అంటూ ఉండదు, ఎవరినీ అడగడానికి కోటవారికి ఏమీ మిగలదు, చెయ్యి దక్కుతుంది. ఊరు మాత్రం మళ్ళీ పంట వచ్చేదాకా పస్తులుండాలి. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆలోచన మాత్రం పోలేదు.

అప్పుడు పేరయ్య లేచి కొడుకు దగ్గరికి వచ్చాడు. గట్టిగా మాట్లాడే అలవాటు ఆ ముసలివాడికి ఎప్పుడో పోయింది. కొడుక్కీ, పక్కనే ఉన్న కోడలికీ వినబడేటంత చిన్నగా చెప్పాడు.

"నా చెయ్యి ఊరికే పోయిందిరా కొండా. ఒక్క గింజ ఒక్కరి నోటికి పోలా. నీది పోతే పోనీ, నలుగురి కడుపు నింపి పోనీ."

మాలకొండయ్య పల్లానికి దిగాడు. ఎడమచేత్తో పగలగొడితే కుడిచెయ్యి తప్పించుకుంటుందేమోనని దారిలో ఒక పిచ్చి ఆశ కలిగిందట. తీరా రాశి ముందు నిలబడ్డాక లేచింది కుడిచెయ్యే. మొదటి సింహం ఒక్క గుద్దుకు రెండు ముక్కలైంది. ఆ చప్పుడు విన్నాక ఇక ఎవరూ మీనమేషాలు లెక్కపెట్టలేదు. గంపలు, చేటలు, దుప్పట్లు, ఏది దొరికితే అది పట్టుకుని ఊరు ఊరంతా దిగింది. వాన మొదలైంది. దిబ్బ ఎక్కుతుంటే తీతువు నెత్తుల మీద తిరుగుతూ అరుస్తోంది. ఆడవాళ్ళు కొందరు చెవుల మీదికి కొంగు లాక్కుని, అమ్మా తల్లీ అనుకుంటూనే గంపలు మోశారు. దిబ్బ నడుమ గులకరాళ్ళలో గులకరాళ్ళలాగా దాని గుడ్లు ఉన్నాయి. వాటిని తొక్కకుండా గురవమ్మ అక్కడే నిలబడి అందరినీ పక్కకు మళ్ళించింది. పొద్దు వాలకముందే రాశి దిబ్బ మీదికి చేరింది. పైన చొప్ప కప్పారు. వెనక్కి తిరిగి చూస్తే పల్లంలో కళ్ళం లేదు, ఏరే ఉంది.

గింజ దక్కింది, ఇక భయం పోయిందనుకుంటే పొరపాటు. మాలకొండయ్య అసలు భయం అప్పుడే మొదలైంది. వాన వెలిశాక చూస్తే రాశి మీద ముద్ర లేదు. వేయడానికి ముద్రకర్ర తమ దగ్గర లేదు. గింజ తీయలేదంటే అమీను ఎందుకు నమ్ముతాడు? ఎలాగూ ముద్ర పగిలింది గదా, పిల్లలకని తలా ఒక చేటెడు తీసుకుంటే ఏమని అడిగినవారు ఉన్నారు. అడిగినవారిని తప్పుపట్టలేము, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ఏడుస్తున్నారు. మాలకొండయ్య అందరికీ దండం పెట్టి బతిమాలాడు. గింజ తగ్గితే తనది దొంగ చెయ్యి అవుతుందని, అలా పోగొట్టుకోలేనని అన్నాడు. ఇంకొన్ని దినాలు దుంపలతోనే సరిపెట్టుకుందామని ఆడవాళ్ళే తేల్చి చెప్పారు.

అతను ఏరు వదిలి వెళ్ళిన మెత్తటి ఒండ్రు గంపలతో మోసుకువచ్చి, రాశి చుట్టూ వెడల్పుగా పరిచి, అరచేత్తో నున్నగా అలికాడు. ఎవరు రాశి దగ్గరికి పోవాలన్నా దాని మీద అడుగు వేయకుండా పోలేరు. పచ్చిగా ఉంటే జాడ పడుతుంది, ఎండాక తొక్కితే పెళుసుగా విరుగుతుంది. ఉపాయం బాగానే ఉంది. తీతువు గూడు మాత్రం ఆ వలయం లోపల ఉండిపోయింది. గుడ్లు వదలదు, మేతకు తిరగకా మానదు. పొద్దున లేచి చూస్తే నున్నటి ఒండ్రు మీద చుట్టూతా మూడు వేళ్ళ అడుగులు. మాలకొండయ్య లబోదిబోమని మళ్ళీ అలికాడు. పిట్ట మళ్ళీ తొక్కింది. తరిమితే మీదికి వచ్చి అరిచింది. అలికీ అలికీ విసిగి, చివరికి నీ ఇష్టమమ్మా అని చతికిలబడ్డాడు. ఒండ్రు ఆ అడుగులతోనే ఎండిపోయింది.

ఏరు తగ్గాక త్రియంబక పంతులు పల్లకీలో వచ్చాడు. మొదట పల్లానికే వెళ్ళాడు. బురద తప్ప ఏమీ లేని కళ్ళం చూసి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. రాశికి కోట ముందు పూచీ ఆయనదే. చెయ్యి పోతుందని భయపడేవాడు ఊళ్ళో ఒకడుంటే, మెడ పోతుందని భయపడేవాడు పల్లకీలో ఒకడున్నాడని అప్పుడు అందరికీ తెలిసింది. గింజ దిబ్బ మీద భద్రంగా ఉందని చెప్పగానే ఆయనకు ప్రాణం లేచివచ్చింది, దానితోపాటు అధికారమూ లేచివచ్చింది. కోట ముద్ర పగలగొట్టిన చెయ్యి ఎవరిదని అడిగాడు.

మాలకొండయ్య ముందుకు వచ్చి కుడిచెయ్యి చాచాడు. అది వణుకుతోంది. ఆ వణుకును అతను దాచుకోలేదు. ముసలి పేరయ్య కొడుకు చేతిని పక్కకు నెట్టి, ఆ చోట తన మొండి మణికట్టు పెట్టాడు.

"అయ్యా, కోటకు ఈ ఇంటి చెయ్యి ఒకటి ముందే ముట్టింది. అప్పుడు మేం ముద్ర తాకలా. ఇప్పుడు తాకాం. అప్పుడు తీసుకున్నదాన్ని ఇప్పటికి సరిపెట్టుకోండి."

పంతులు ఆ మణికట్టు వంక చూడలేక రాశి వైపు తిరిగాడు. వలయం పొడవునా నడిచి చూశాడు. మనిషి అడుగు ఒక్కటీ లేదు. ఎటు చూసినా మూడు వేళ్ళ అచ్చు, ఎక్కడా విరగకుండా, చెదరకుండా. తీతువు ఆయన తలపాగా మీదికి వచ్చి అరిచి పోయింది. ఈ ముద్ర ఎవరు వేశారని అడిగాడు. గురవమ్మ చెప్పింది.

"కాపలా ఉన్న తల్లి వేసిందయ్యా."

అప్పుడు చూశారట ఊరివారు ఆ పిట్టను, జీవితంలో మొదటిసారి, తలుపు వేసుకోకుండా. కళ్ళ దగ్గర ఎర్రగా కుంకుమ, కాళ్ళకు నిలువునా పసుపు. నిండు ముత్తయిదువ వేషంలో వాకిట్లోకి వచ్చి పిలుస్తుంటే ఇన్ని తరాలు ఉమ్మివేసి పంపామే అని ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

రాశి కొలిచారు. అమీను కట్టిన అంచనాకు తగ్గలేదు. పంతులు ఆ పూట కోట వాటా కంటే ముందు ఊరి వాటా కొలిపించాడు. అలా అంతకు ముందెన్నడూ జరగలేదు. ఇంటింటా పొయ్యి రాజుకుంది. మాలకొండయ్య వేడివేడి జొన్నసంగటి ముద్ద చేసి, నాయన నోటికి అందించాడు. కుడిచేత్తోనే.

ఆ పైన కోట నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట తీతువపాడు రాశుల మీద సింహం పడనక్కరలేదని, ఊరి ముద్రే కోటకు సమ్మతమని. ముద్రాలమ్మ ప్రభువు కలలోకి వెళ్ళి గద్దించిందని కొందరు చెబుతారు. తన ఆలస్యం బయటపడకుండా పంతులే ఆ కథను కోటలో బాగా అల్లి చెప్పాడని మరికొందరు అంటారు. రెండూ నిజమై ఉండవచ్చు, తల్లి ఎవరి నోట పలికించాలనుకుంటే వారి నోట పలికిస్తుంది. ఊరివారు తుమ్మకొయ్యతో ముద్రకర్ర చెక్కించుకున్నారు. కళ్ళాలు దిబ్బ మీదికి వచ్చాయి. తీతువు గుడ్లు పెట్టిన చోట గుడి వెలిసింది. మాలకొండయ్య ఆ తర్వాత ధైర్యవంతుడైపోయాడని రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. ముసలితనం దాకా అతను ఆకాశం వంక చూస్తూ మబ్బులు లెక్కపెడుతూనే ఉన్నాడు.

ముద్రలోని మూడు వేళ్ళు పండించిన చెయ్యి, మోసిన చెయ్యి, కాచిన చెయ్యి అని పూజారులు భక్తులకు వివరిస్తారు. కింద ఉన్న చిన్న బొడిపె పేరయ్య మణికట్టు. అది లేకుండా ఎవరైనా గుర్తు గీస్తే ఊరివారు ఒప్పుకోరు, చెరిపించి మళ్ళీ గీయిస్తారు.

నేటికీ ఆ తలారి వంశంవారే తల్లికి పూజారులు. ఏటా వైశాఖ పౌర్ణమి నాడు దిబ్బ మీద కొత్తజొన్న రాశి పోసి పూజ చేస్తారు. ముద్రకర్రను తడి పసుపులో అద్ది, వరుసలో వచ్చిన ప్రతి ఒక్కరి కుడి అరచేతిలో వేస్తారు. కోర్టు వాయిదా ఉన్నవారు, ఆపరేషన్ తేదీ పడినవారు, కొడుకు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నవారు, ఏ కారణమూ లేకుండానే గుండెదడ పట్టుకున్నవారు దూరదూరాల నుంచి వచ్చి చెయ్యి చాస్తారు. వణికే చేతిలో తల్లి ముద్ర ఇంకా చక్కగా పడుతుందని ఇక్కడి నమ్మకం. ఆ వెంటనే ఆకులో సంగటి వడ్డిస్తారు.

కొత్తగా వచ్చినవారు అరచేతిలో అమ్మవారి గుర్తు చెదిరిపోతుందేమోనని బెంగపడతారు. చెయ్యి గాలిలో పట్టుకుని, ఎడమచేత్తో తినవచ్చా అని అడుగుతారు. వడ్డించే ఆడవాళ్ళు వారి పక్కన కూర్చుని, ఆ కుడిచేతిని పట్టుకుని, మెల్లగా వేడి సంగటిలో పెడతారు.

"తినమ్మా, ఏం కాదు. అది పోవడానికే వేసింది."